పెళ్ళిళ్ళకు తిరిగిన దోమతెర

ఫింటాస్, కువైట్
20 మే 1990

వదినకు,

ఆడబిడ్డ శివపార్వతి రాసుకునే సంగతులు. నేను బాగున్నాను. ఎంత బాగున్నానంటే, పోయిన వారం స్నానాల గదిలో తూకం మిషన్ తుడుస్తూ దాని మీదికి ఎక్కి, ముల్లు చూసి, మిషన్ చెడిపోయిందని మామాకు చెప్పాను. మామా ఎక్కి చూసింది. మిషన్ బాగానే ఉంది. యజమానురాలిని ఇక్కడ మామా అనాలని నీకు ముందే రాశాను కదా. రెండేళ్ళయినా ఆ పిలుపు పిలిచినప్పుడల్లా నాకు మన రాయచోటి మేనమామే గుర్తొస్తాడు, మీసాలతో సహా.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. (తూకం చూస్తే నమ్మవు, కానీ నిజం.) పోయిన వానల తర్వాత పక్క పల్లెలో ఇద్దరు పిల్లలు కొత్త జ్వరంతో పోయారని రాశావు. మెదడువాపు అంటున్నారని, మన మండలంలో ఇదివరకు ఆ పేరే ఎవరూ వినలేదని రాశావు. మన చిన్నప్పుడు జ్వరమంటే వణుకు పుట్టి, దుప్పట్లు కప్పితే పోయేది. తలకెక్కే జ్వరం ఎక్కడిది?

మామా కూతురు డాక్టరు చదువు చదువుతోంది. ఆ పిల్లను అడిగాను. పుస్తకం తెచ్చి చూపించింది. కొత్తగా కాలవ నీళ్ళు వచ్చి వరి పెట్టిన చోట దోమలు పెరుగుతాయట. పందుల్లో, కొంగల్లో ఉండే విషాన్ని ఆ దోమలు తెచ్చి పిల్లలకు ఎక్కిస్తాయట. వచ్చాక మందు లేదట. ఆ పిల్ల చెప్పిన అరబ్బీ నాకు సగమే అర్థమైంది. మిగతా సగాన్ని నా భయం పూర్తి చేసింది. నేను ఇక్కడికి బయల్దేరేముందు కాలవ వచ్చిందని టెంకాయ కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నానని గుర్తొస్తే నవ్వొస్తోంది. దోమలకు స్వాగతం పలికినట్టయింది.

అందుకే ఫహాహీల్ బజారుకు పోయి ఒక దోమతెర కొన్నాను. తెల్లది అడిగితే లేదన్నాడు. ఉన్నది గులాబి రంగుది. అంచుకు జరీ, పైన గొడుగులా గుండ్రం, దాని చుట్టూ గుడ్డపూలు. "ఇది దోమలకా, పెళ్ళికూతురికా?" అని అడిగితే దుకాణంవాడు "సేమ్ సేమ్" అన్నాడు. మన రాయచోటి మాబు, పక్కింట్లో డ్రైవరు, సెలవుకు వస్తున్నాడు. ఆయన చేతికి ఇచ్చాను.

వదినా, నా ఈశ్వరిని రోజూ దాంట్లోనే పడుకోబెట్టు. వాళ్ళ నాయన పోయాక నాకు మిగిలింది అదొక్కటే. నాలుగేళ్ళ పిల్లను నీ ఒళ్ళో పెట్టి వచ్చాను. వానలు పడకముందే తెర కట్టు.

అన్నకు చెప్పు, నేను అడిగానని.

పార్వతి


చిన్నగొల్లపల్లె, రాజంపేట మండలం
28 జూన్ 1990

కువైట్ ఆడబిడ్డగారికి,

నీ వదిన సంజీవమ్మ దండం పెట్టలేదు, ఎందుకంటే రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. కడుక్కుని వచ్చి రాస్తున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా అర్ధమొగుడు ఎడారిలో, పూర్తిమొగుడు మడిలో. ఇద్దరూ ఇంటికి వచ్చే వేళ చెప్పరు.

నీ తెర వచ్చింది. మీ అన్న పెంచల్ రాయచోటికి పోయి, మాబు ఇంట్లో బిర్యానీ తిని, దాన్ని భుజాన వేసుకుని బస్సు దిగాడు. ఇంటికొచ్చి విప్పితే వాకిలి పట్టనంత జనం. అందులోకి దూరి చూడని మనిషి లేడు. మా అత్త, అంటే మీ అమ్మ బతికి ఉంటే దాంట్లోనే కాపురం పెట్టేది.

తర్వాత జరిగింది నీకు చెప్పక తప్పదు. పక్కింటి దిగువవాళ్ళ అమ్మాయి పెళ్ళి. శోభనం గదికి ఒక్క రాత్రి ఇవ్వమన్నారు. "ఏమ్మే సంజీవమ్మా, మంచానికి కట్టుకుని నువ్వేం సేస్తావు, పిల్లకు అచ్చటా ముచ్చటా ఉండల్ల కదా" అని పెద్దామె గడ్డం పట్టుకుంటే ఎట్లా కాదనేది? ఇచ్చాను. మర్నాడు తెర తిరిగొచ్చింది, దానితో పళ్ళెం నిండా లడ్లు. ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మేలుపల్లెవాళ్ళు బండి కట్టుకుని మరీ వచ్చారు. ఇప్పుడు దాని పేరు కువైట్ తెర. పురోహితుడు ముహూర్తం పెట్టేముందు తెర ఖాళీగా ఉందా అని అడుగుతున్నాడు. తెరతో పాటు నన్నూ పిలుస్తున్నారు. ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఇంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు, అదీ ఒక గుడ్డ పుణ్యాన. దాన్ని మడత పెట్టే పద్ధతి నాకొక్కదానికే తెలుసని చెప్పుకుంటున్నాను. నిజానికి ఎట్లా మడిచినా మడత పడుతుంది.

మలేరియావాళ్ళు జీపులో వచ్చారు. మనుషులను వదిలేసి పందుల నెత్తురు తీసుకుని పోయారు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "మాకు జొరమొస్తే సూదెయ్యరు గానీ పందులకేస్తాండారే" అని మీ అన్న వాళ్ళతో కయ్యానికి పోయాడు. గోడలకు మందు కొడతామన్నారు. ఉగాదికి సున్నం కొట్టిన గోడలు పార్వతీ, తెల్లగా ఉన్నాయి, నేను ఒప్పుకోలేదు. దోమ కుడితే దద్దు వస్తుంది గానీ తలలోకి ఎట్లా పోతుందో నాకైతే అర్థం కాలేదు.

నువ్వు భయపడకు. ఆషాఢం కదా, తెరకు ఇప్పుడు సెలవు. శ్రావణానికి మూడు ఇళ్ళవాళ్ళు చెప్పి పెట్టుకున్నారు. దోమలు వచ్చేది వానలయ్యాక. అప్పటికి పెళ్ళిళ్ళు అయిపోతాయి.

అన్నట్టు, ఈశ్వరిని పడుకోబెట్టమని రాశావు. మా గంగడి పేరు రాయలేదు. మేనత్తవు కదా, ఉత్తరంలో చోటు చాలలేదేమో.

నీ వదిన, తెర సంజీవమ్మ


ఫింటాస్
18 జూలై 1990

వదినా,

క్షేమ సమాచారాలు తర్వాత. నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నేను దోమలకని పంపితే నువ్వు శోభనాలకు పంపావు. కొత్త జంటను దోమ కుడితే ఏమవుతుంది, గోక్కుంటారు. వాళ్ళకు ఆ రాత్రి దోమలు గుర్తుంటాయా? నా బిడ్డను కుడితే ఎవరు తెచ్చిస్తారు? లడ్ల పళ్ళెం పంపినవాళ్ళు తెస్తారా?

ఊళ్ళో నీ గొప్పకు నా బిడ్డను అడ్డం పెట్టకు. నువ్వు పెంచుతున్నావు, కాదనను. కానీ పిల్ల నాది. కన్నది నేను. దానికేమైనా అయితే ముందు వరసలో కూర్చుని ఏడ్చేది నేను.

శ్రావణం లేదు, ముహూర్తం లేదు. తెర తెప్పించి ఈశ్వరి మంచానికి కట్టు. కట్టానని అన్న చేత ప్రమాణం చేయించి రాయి. అంతవరకు నాకు వేరే కబుర్లు రాయొద్దు.

ఇంత కోపంలోనూ నా పెద్దరికం చెప్పుకోకపోతే నేను నేను కాను. మామా, ఆమె మొగుడు (ఆయన్ను బాబా అనాలి), పిల్లలూ అంతా ఎండలు పడలేక లండన్ పోయారు. సెప్టెంబరు దాకా రారు. తాళాలు నా దగ్గర. ఇంత పెద్ద ఇంటికి రాణిని, చీపురు నా రాజదండం. నా పాస్‌పోర్టు మాత్రం బాబా ఇనప బీరువాలో పెట్టి తాళం వేసుకుని పోయాడు, పారిపోతానని. ఈ ఎండలో వీధి దాటడానికే ప్రాణం పోతుంటే ఎక్కడికి పారిపోతాను?

ప్రమాణం సంగతి మరవకు.

శివపార్వతి


చిన్నగొల్లపల్లె
31 జూలై 1990

కువైట్ శివపార్వతమ్మగారికి,

సంజీవమ్మ రాయునది. మీ ఉత్తరం అందింది. మీ అన్న చదివి వినిపించబోతే నేనే లాక్కుని చదువుకున్నాను. ఐదో తరగతి చదివినందుకు మొదటిసారి బాధపడ్డాను.

తెర తెప్పించాను. శ్రావణం పెళ్ళిళ్ళవాళ్ళకు చెడ్డదాన్నయ్యాను. ముందు వరస పోయింది, లడ్లు పోయాయి, అవి పోయినందుకు నాకు బాధ లేదని రాయాలనుకున్నాను గానీ కొంచెం ఉంది. మీ పిల్ల మంచానికి తెర కట్టించాను. మీ అన్న ప్రమాణం కూడా చేశాడు, ఎద్దుల మీద. దేవుడి మీద కంటే ఆయనకు వాటి మీదే భక్తి.

మా గంగడు ఎప్పటిలాగే వాకిట్లో మంచం మీద పడుకుంటాడు. మీరు తెర పంపినప్పుడు వాడి పేరు రాయలేదు కాబట్టి నేనూ పడుకోబెట్టలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు. మా కాకిపిల్లను మేము చూసుకుంటాం.

మీ పిల్లకు విరేచనాలు పట్టినప్పుడు, తల నిండా పేలు పడినప్పుడు, బడికి పోనని బావిగట్టు మీద కూర్చున్నప్పుడు ఇది ఎవరి పిల్ల అని నేను అడగలేదు. అడగాలని తెలియదు. ఇప్పుడు తెలిసింది. దసరాకు వచ్చి మీ పిల్లను మీరు తీసుకుపోవచ్చు.

సంజీవమ్మ

ఈశ్వరి ఈరోజు పలక మీద తన పేరు తానే రాసింది. ఈ సంగతి రాయకూడదనుకున్నాను. ఉండబట్టలేక రాస్తున్నాను.


ఫింటాస్
26 ఆగస్టు 1990

మా వదినకు,

ఇది పోస్టులో రావడం లేదు. పోస్టు లేదు, ఫోను లేదు, ఇరాక్‌వాళ్ళు వచ్చి కూర్చున్నారు. రాయచోటి హసన్‌బీ రేపు బస్సెక్కి బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోతోంది. అక్కడి నుంచి మనవాళ్ళను విమానాల్లో బొంబాయి తీసుకుపోతున్నారట. ఆమె రవికలో పెట్టుకుని తెస్తానంది. కాగితం చెమటకు తడిసి ఉంటే ఏమీ అనుకోకు.

నేను బాగున్నాను. ముందు అది రాయాలి కదా.

ఆ రోజు తెల్లవారి పెద్ద చప్పుడైంది. నేను ఏసీ పేలిందనుకున్నాను. మామా తిడుతుందని పరుగెత్తి ఇంట్లో ఉన్న ఏసీలన్నీ ఆపేశాను. తర్వాత ఇంకా పెద్ద చప్పుడైంది. అప్పుడు కిటికీలోంచి చూస్తే బీచి రోడ్డు మీద ట్యాంకులు. యుద్ధం మొదలైనప్పుడు నేను చేసిన వీరకార్యం అది, కరెంటు ఆదా.

వారం తర్వాత ముగ్గురు సైనికులు తలుపు బాదారు. మామా నల్ల అబాయా, అదే ఒళ్ళంతా కప్పే పొడుగు అంగీ, వేసుకుని, ఇంటామెలాగా గంభీరంగా తలుపు తీశాను. నాకొచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. నోరు తెరిస్తే "ఉల్లిగడ్డలు అయిపోయినాయి" అని వచ్చింది. వాళ్ళలో చిన్నవాడు నవ్వాడు. ఆకలిగా ఉందన్నాడు, రొట్టెలు ఇచ్చాను. పోతూ పోతూ టీవీ ఎత్తుకుపోయారు. నన్ను ముట్టుకోలేదు. ఆ రాత్రంతా నా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. ఇది నవ్వుకోవడానికి రాయలేదు.

నీళ్ళు ఆపేస్తారని పుకారు పుట్టింది. స్నానాల తొట్టి, బకెట్లు, బిర్యానీ దేగిశాలు, పిల్లలు ఆడుకునే గాలి తొట్టి, పూలకుండీల పళ్ళేలు, దొరికినదంతా నింపాను. నీళ్ళు ఆగలేదు. నింపినవి పారబోయడానికి మనసొప్పలేదు. మొన్న చూస్తే తొట్టి నిండా తోకపురుగులు, కిందికీ పైకీ గంతులేస్తున్నాయి. ఇల్లంతా దోమలు. ఈ వీధిలో ఎవరింట్లోనూ లేవు, నా ఇంట్లోనే. నీకు సముద్రం దాటించి దోమల పాఠాలు పంపినదాన్ని, ఎడారిలో దోమలు పండించాను. ఒళ్ళంతా దద్దుర్లతో ఇది రాస్తున్నాను. ఇక్కడి దోమల్లో ఆ జ్వరం లేదని మాబు ధైర్యం చెప్పాడు. సెలవు ముగించుకుని సరిగ్గా యుద్ధానికి అందుకున్న మనిషి ఆయన. డ్రైవరే గానీ డాక్టరు కాదు.

అందరితో పోకుండా ఎందుకున్నావు అంటావు. పాస్‌పోర్టు లేకుండా సరిహద్దు దాటనివ్వరట. అది బీరువాలో ఉంది. బద్దలు కొడితే దొంగను, కొట్టకపోతే ఇక్కడే ఖలాస్. మాబు అంటాడు: "ఇంగా ఏం యోచన జేస్తాండావు అక్కా? బీరువా ఇంగొకటి దొరుకుతాది, నువ్వు దొరకవు." ఇంకా చేతులు రావడం లేదు. రెండేళ్ళుగా దాన్ని రోజూ తుడిచినదాన్ని.

వదినా, జూలైలో నీకు ఒక ఉత్తరం రాశాను. దాన్ని డబ్బాలో వేసిన క్షణం నుంచి నాకు నిద్ర లేదు. యుద్ధం మొదలైంది ఆ తర్వాతే. పిల్ల నాది అన్నాను. ఇప్పుడు ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే, నేను రాకపోతే అది ఎవరి పిల్ల అని ఆలోచిస్తున్నాను. నీదే. ఎప్పుడూ నీదే. నువ్వు లేకపోతే నేను కువైట్ వచ్చేదాన్నా?

తెర సంగతి వదిలెయ్యి. మాఘంలో ముహూర్తాలు ఉంటాయి, అందరి శోభనాలకూ ఇచ్చుకో, లడ్లు తిను. దోమకు భయపడి నీతో తగువు పెట్టుకున్న తెలివితక్కువదాన్ని. ఇక్కడ ట్యాంకుల ముందు దోమ ఎంత చిన్నదో తెలిసొచ్చింది.

నీ జవాబు రాలేదు. రాసి ఉంటే బాగా తిట్టి ఉంటావు. ఆ తిట్లయినా చదవాలని ఉంది.

నీ పార్వతి


కడప పెద్దాసుపత్రి
5 అక్టోబరు 1990

పార్వతీ,

"ఆమె యాడుండాదో తెలీకుండా ఎవురికి రాస్తాండావు?" అని మీ అన్న అడుగుతున్నాడు. మాబు అన్న కరీముల్లా, తమ్ముడి కోసం బొంబాయి పోయి విమానాల దగ్గర కాచుకుని కూర్చుంటాడట. మీరిద్దరూ ఒకే బస్సులో వస్తారని హసన్‌బీ చెప్పింది. అందుకని ఆయన చేతికి ఇస్తున్నాను. ఇది నువ్వు చదువుతుంటే బతికి ఉన్నావన్నమాట. ఇంకేమీ అక్కర్లేదు.

ఈశ్వరి బాగుంది. ముందు పళ్ళు ఊడిపోయి, బుగ్గలు ఊరి, నీ పోలికే వచ్చేసింది. పల్లెలో మా అమ్మ దగ్గర ఉంది.

గంగడికి ఆ జ్వరం వచ్చింది.

బడి నుంచి తలనొప్పి అని వచ్చాడు. సాయంత్రానికి వాంతులు, ఒళ్ళు కాలిపోతోంది, చీకటి పడ్డాక కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. గాలి సోకిందన్నారు. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపొమ్మన్నారు. ఒక పూట అక్కడ పోయింది. మీ అన్న వద్దన్నాడు, నేనే పట్టుబట్టాను. ఎద్దుల మీద ప్రమాణం చేసే మనిషికి నాకంటే తెలివి ఉందని ఆ పూట తెలుసుకున్నాను. ఇక్కడికి తెచ్చేసరికి వార్డులో కాలవకింద పల్లెల పిల్లలే. ఒక్కొక్క మంచం పక్కన ఒక్కొక్క తల్లి. పేర్లు చెప్పుకునే ఓపిక కూడా లేదు మాకు.

గంగడు బతికాడు. చాలా రోజులకు కళ్ళు తెరిచాడు. కుడిచెయ్యి, కుడికాలు ఆడటం లేదు. మాట రాలేదు. నన్ను చూస్తాడు. తెలిసి చూస్తాడో, ఊరికే చూస్తాడో నాకు తెలియడం లేదు. నెమ్మదిగా రావచ్చు అంటాడు డాక్టరు. రాకపోవచ్చు అని కూడా అన్నాడు, నేను మొదటి మాటనే పట్టుకున్నాను.

నీకు నిజం చెప్పాలి. ఆ తెరలో ఆరుగురు పిల్లలు పడతారు. వాడి పేరు నువ్వు రాయలేదని నేను మూతి ముడుచుకుని, ఈశ్వరిని లోపల పెట్టి, వాణ్ణి బయట పడుకోబెట్టాను. కన్నకొడుకుతో నీ మీద కక్ష తీర్చుకున్న మహాతల్లిని. హసన్‌బీ తెచ్చిన నీ ఉత్తరం చదివాక సిగ్గేసి, "నువ్వూ లోపలికి పో నాయనా" అన్నాను. వాడు పోలేదు. ఊళ్ళో శోభనాలన్నీ ఆ తెరలోనే జరిగాయి కదా. ఒక్క రాత్రి పడుకున్నాడు, మర్నాడు బళ్ళో పిల్లలంతా "పెండ్లికొడుకొచ్చినాడ్రో" అని ఎగతాళి చేశారట. "సచ్చినా దాంట్లో పండుకోనుమా" అన్నాడు. ఎనిమిదేళ్ళవాడు, వాడికీ పౌరుషం ఉంటుంది. నేను నవ్వి ఊరుకున్నాను.

నువ్వు తెర వదిలెయ్యమని రాశావు. ఆ ఒక్క మాట వినలేదు. ఈశ్వరి దాంట్లోనే పడుకుంది, ఇప్పుడూ దాంట్లోనే పడుకుంటోంది.

జూలై ఆఖరున నీకు ఒక ఉత్తరం రాశాను. అంది ఉంటే చింపెయ్యి. అందకపోతే, యుద్ధం అయ్యాక పోస్టుమాన్ తెచ్చిచ్చినా తీసుకోకు.

రైలెక్కితే నేరుగా ఊరికి పోవద్దు. ముందు కడపలో దిగు.

సంజీవమ్మ


బొంబాయి
11 అక్టోబరు 1990

వదినా,

బతికే ఉన్నాను. నిన్న సాయంత్రం విమానం దిగాం. కరీముల్లా తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చి, ఏడుపు మధ్యలో గుర్తొచ్చి నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. మాబు, ఆయన ఈ రాత్రి మద్రాసు మెయిలుకు వస్తున్నారు. ఆడవాళ్ళ పెట్టెలో నాకు చోటు రేపటికి దొరికింది. ఈ కాగితం మాబు చేత పంపుతున్నాను. నా ముఖం కంటే నా మాట ముందు నీ దగ్గరికి రావాలి. ఎదురుగా నిలబడితే నేను ఏదో ఒక ఎగతాళి మాట అంటాను. నా సంగతి నీకు తెలుసు.

బీరువా మాబే పగలగొట్టాడు. పాస్‌పోర్టు దాంట్లో లేదు. ఆ తర్వాత చాలా రోజులు ఇల్లంతా వెతికాను. చివరికి బట్టల మిషన్ పైన బిస్కట్ల డబ్బాలో దొరికింది. రోజూ దుమ్ము దులిపే డబ్బా. తెరిచి చూడకూడదని తెరవలేదు, అంత నమ్మకస్తురాలిని. ఆ నమ్మకానికి ఒక నెల ఆలస్యమైంది. ఎడారిలో గుడారాల్లో పడుకున్నాం, తాగడానికి నీళ్ళ కోసం వరసల్లో నిలబడ్డాం. కువైట్ నుంచి వచ్చేదాన్ని, ఒక ప్లాస్టిక్ సంచితో వస్తున్నాను. అందులో మామా అబాయా, ఒక దువ్వెన ఉన్నాయి. పెట్టెలు ఎన్ని వస్తాయోనని ఊళ్ళో లెక్క వేసుకునేవాళ్ళకు ముందే చెప్పి పెట్టు.

ఇది రాయడానికే కూర్చున్నాను, దీన్నే దాటేస్తున్నాను. నీ ఉత్తరంలో "ఈశ్వరి బాగుంది" అని చదివి నేను నవ్వాను వదినా. గట్టిగా, పక్కన ఉన్నవాళ్ళు తిరిగి చూసేలా నవ్వాను. బుగ్గలు ఊరాయంటే ఇంకా నవ్వాను. ఆ నవ్వు నోట్లో ఉండగానే కింది వాక్యం చదివాను. ఆ నవ్వును వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. రాత్రంతా ప్రయత్నించాను.

తప్పు నాది అంటే నువ్వు ఒప్పుకోవు, నీది అంటే నేను ఒప్పుకోను. మనిద్దరం పోట్లాడుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాయి. కానీ ఒక్కటి. మొదటి ఉత్తరంలో గంగడి పేరు రాయకపోవడం చోటు చాలక కాదు. వాడు నాకు గుర్తు రాలేదు. నా అన్న కొడుకు, నేను ఎత్తుకుని తిరిగినవాడు, గుర్తు రాలేదు. నువ్వు వేరే దుప్పటి, వేరే కంచం లేకుండా ఇద్దరినీ పెంచుతుంటే, నేను ఇంత దూరం నుంచి ఒక్కదాన్నే లెక్కపెట్టాను. ఇది నీకు ఎదురుగా చెప్పే ధైర్యం లేదు, అందుకే రాస్తున్నాను.

కడపలోనే దిగుతాను. నేను వచ్చాక నువ్వు రెండు రాత్రులు నిద్రపో. గంగడి చెయ్యి, కాలు నేను పిసుకుతాను. రెండేళ్ళు మామా వాళ్ళ అమ్మమ్మకు పిసికాను, ఆ పని ఒక్కటి నిజంగా వచ్చు. వాడు చూసేది తెలిసి చూసినా, ఊరికే చూసినా నాకు చాలు.

ఇక అడగాల్సింది ఉంది. వాడికి మద్రాసులో వైద్యం చేయించాలి, ఎన్నాళ్ళయినా చేయించాలి. అన్న మడితో అది కాదు. కువైట్ ఎప్పుడు మళ్ళీ తెరుచుకుంటే అప్పుడు నేను పోతాను. ఎవరి ఇంట్లోనైనా, ఏ మామా దగ్గరైనా. పోయేటప్పుడు ఈశ్వరిని మళ్ళీ నీ దగ్గరే వదిలిపోవాలనుకుంటున్నాను. పోయినసారి నిన్ను అడగలేదు. ఒళ్ళో పెట్టి బస్సెక్కాను. ఈసారి అడుగుతున్నాను. ఉంచుకుంటావా?

జవాబు రాయొద్దు. నేను వచ్చాక చెప్పు. ఏం చెప్పినా వింటాను.

నీ ఆడబిడ్డ
పార్వతి